మూడు గజాల లీలమ్మ

హుస్సేనీ ఆలం, హైదరాబాద్
9 సెప్టెంబరు 2024

ఇశ్రాయేలు మామకు, మేనకోడలు స్వరూప వందనాలు.

ఈ ఉత్తరం ఇప్పుడే రాయవలసిన కారణం ఒక్కటే. అమ్మమ్మ నవంబరు 17న రాష్ట్రస్థాయి వృద్ధుల ఆటల పోటీల్లో లాంగ్‌జంప్ చేయబోతోంది. దరఖాస్తులో వారసుడి సంతకం ఉండాలి. ఆమెకు ఉన్న ఒక్క కొడుకువి నువ్వు. కాగితం ఇందులోనే పెట్టాను. నవంబరు 5 ఆఖరి తేదీ. నువ్వు ఫోన్ ఎత్తవు. ఫోన్‌లో అన్న మాట మీద ముద్ర ఉండదని, ముప్పై ఏళ్లుగా తపాలా సంచులు మోస్తున్నవాడు ఉత్తరానికే జవాబివ్వాలని నీ నియమం. అందుకే రాస్తున్నాను.

నువ్వు కంగారు పడకుండా మొదటి నుంచి చెబుతాను. జులైలో పెద్ద వాన పడిన రోజు మన గల్లీ మూల మురుగు మోరీ పొంగింది. జనమంతా ఇటుకలు వేసుకుంటూ దాటుతున్నారు. బాబురావు సేఠ్ బట్టల దుకాణం నుంచి టైలర్లకు ఇవ్వాల్సిన జాకెట్ ముక్కల మూట అమ్మమ్మ నెత్తిమీద ఉంది. ఆమె చీర కుచ్చిళ్లు దోపుకొని, నాలుగడుగులు వెనక్కి వెళ్లి, పరుగెత్తుకొచ్చి మోరీని దాటేసింది. మూట కదలలేదు. అవతలి ఒడ్డున స్కూటర్ ఆపుకొని నిలబడిన పెద్దమనిషి ప్రకాశం సార్. రిటైరైన డ్రిల్లు మాస్టారు. నీ వయసెంతని ఆయన అడిగితే ఆధార్‌ల డెబ్బై రెండు, అసలుది ఎవరికెరుక అందట. మరొక్కసారి దూకి చూపించమని బతిమాలితే, నేను రావాల్సిన దిక్కు వచ్చిన కదా, మళ్లెందుకు అందట.

ఆగస్టులో ఆయనే పట్టుబట్టి జిల్లా పోటీలకు తీసుకెళ్లారు. డెబ్బై పైబడిన ఆడవాళ్ల లాంగ్‌జంప్‌లో అమ్మమ్మ ఒక్కతే ఉంది. ఆ వయసులో అంతకుముందు జిల్లాలో ఎవరూ దూకలేదు కాబట్టి ఆమె మొదటి దూకుడే జిల్లా రికార్డు అయింది. రెండో దూకుడుతో దాన్ని బద్దలు కొట్టింది. మూడోదానితో మళ్లీ. పది నిమిషాల్లో మూడు రికార్డులు. ఒకటే మెడల్ ఇస్తే పుచ్చుకోలేదు. "మూడుమాట్ల దునికిన, మూడు ఇయ్యాలె" అని కుర్చీ వేసుకొని కూర్చుంది. రెండో బహుమతి, మూడో బహుమతి తీసుకునేవాళ్లు ఎలాగూ లేరు కాబట్టి అవి కూడా ఇచ్చి పంపారు.

ఇప్పుడు ఆమె దృష్టి రాష్ట్ర రికార్డు మీద ఉంది. అది 2.79 మీటర్లు. నిజామాబాద్‌లో ఒక రిటైర్డ్ నర్సు పేరు మీద ఉంది. మన ఇంట్లో బడి మొహం చూసినదాన్ని నేనే కదా, లెక్కలన్నీ నేనే రాస్తున్నాను. అందుకోసం రెండు వందల పేజీల నోట్‌బుక్ కొన్నాను.

సంతకం పెట్టి వెంటనే పంపు.

నీ స్వరూప

*

ఇశ్రాయేలు, మెయిల్ మజ్దూర్,
తపాలా క్వార్టర్లు, మంచిర్యాల
19 సెప్టెంబరు 2024

బిడ్డా స్వరూపా,

నువ్వు కవరు మీద పిన్‌కోడు అయిదంకెలే రాసినవు. అయినా ఉత్తరం చేరింది. అది మా డిపార్టుమెంటు గొప్పతనం. నీ చదువుది కాదు. నేను బడికి పోలేదు, కవర్ల మీది అడ్రసులు చూసి చూసి అక్షరాలు నేర్చుకున్నోన్ని. నా కవరు మీద ఎన్నడన్న అంకె తక్కువైందా?

డెబ్బై రెండేండ్ల మనిషి మోరీ దునుకుతున్నదంటే తప్పు మనిషిది కాదు, మోరీది. నేను మున్సిపాలిటీకి అర్జీ రాసిన. రిజిస్టర్ చేసిన. ముట్టినట్టు రసీదు కూడ వచ్చింది. మోరీ మూస్తె అమ్మకు దునికే అవసరమే ఉండదు. ఇగ పోటీలు ఎందుకు?

సంతకం పెట్టను. వారసుడు అంటే ఏంది? మనిషి పోయినంక వచ్చే మాట. బతికున్న తల్లికి వారసుని సంతకం అడిగేటోళ్ల మీద నాకు నమ్మకం లేదు. ఆ ప్రకాశం సారు ఎవరు, ఆయనకు వేరే పని లేదా, కనుక్కో. పైగా 17వ తారీఖు ఆదివారం. పాస్టర్ డానియేలుకు వేరే ఉత్తరం రాసిన, వచ్చి అమ్మను ఆపుమని. కాల్షియం గోలీలు నూరు పంపిన, దినాం ఒకటి.

కాగితం చింపలేదు. డిపార్టుమెంటు మనిషిని, కాగితం చింపను. పెట్టెల పెట్టి తాళం వేసిన. అమ్మను మంచిర్యాల వచ్చి నా దగ్గర కూసోమని చెప్పు. ఈడ మోరీలు అన్నీ మూసే ఉన్నయి.

ఇశ్రాయేలు

*

హుస్సేనీ ఆలం
8 అక్టోబరు 2024

మామకు వందనాలు.

నీ అర్జీ ఫలించింది. ఇరవై రెండేళ్లుగా ఎవరు చెప్పినా కదలనివాళ్లు మూడు రోజుల్లో వచ్చి మోరీ మీద బండలు పరిచి వెళ్లారు. రిజిస్టర్ పోస్టులో అర్జీ చూసి చాలా కాలమైందట, పై నుంచి ఎవరో పెద్దవాళ్లు రాశారేమోనని భయపడ్డారట. గల్లీలో నీ పేరు చెప్పి జిలేబీ పంచారు. వచ్చే వార్డు ఎన్నికల్లో నువ్వు నిలబడతావా అని ఇద్దరు అడిగారు.

అమ్మమ్మ మాత్రం జిలేబీ ముట్టలేదు. ఆమె అడుగు లెక్క అంతా ఆ మోరీతోనే ఉండేది. నల్ల నీళ్లు కనబడితేనే కాలు లేచేది. ఇప్పుడు మా బడి వెనక ఇసుకలో దూకమంటే, కాలు వేసి ఎగరాల్సిన తెల్ల పలక దగ్గరికి వచ్చి ఆగిపోయి, దీన్ని దాటేదేముంది, నడిచిపోవచ్చు కదా అంటోంది. "వాడు పుట్టినకాడికెల్లి నా కాళ్లకే అడ్డం పడుతుండు" అని నిన్ను తిట్టింది. చివరికి పలక ముందు ఒక బక్కెట్ బట్టలుతికిన నీళ్లు పోస్తే మళ్లీ దూకడం మొదలుపెట్టింది.

ఆ బక్కెట్ పోసేది పాస్టర్ డానియేలు గారు. నువ్వు పంపావని వచ్చారు, గట్టిగానే ఆపుదామని వచ్చారు. వచ్చేసరికి అమ్మమ్మ గాలిలో ఉంది. ఇసుక ఎగుడుదిగుడుగా ఉంది, కాలు మడత పడుతుంది, ముందు దీన్ని సరిచేసి తర్వాత మాట్లాడదామని పార తీసుకున్నారు. అప్పటి నుంచి రోజూ వస్తున్నారు, ఆ తర్వాత మాట్లాడేది ఇంకా మాట్లాడలేదు. ఆదివారం సంగతి కూడా ఆయనే తేల్చారు. ఆరాధన ఏడింటికి ముగించి పదకొండింటికి మైదానంలో ఉంటారట.

కాల్షియం గోలీలు చేరాయి. అమ్మమ్మ వాటిని బాబురావు సేఠ్‌కు ఇచ్చేసింది. దూరం కొలిచేది ఆయన. ప్రతిసారీ వంగలేక మోకాళ్లు పట్టుకుంటున్నాడు, ఆయన వేసుకుంటేనే నాకు లాభం అంది. ఆయన దుకాణంలో మీటరు కడ్డీ కొడుకు దగ్గర ఉంటుంది కాబట్టి, వాళ్ల నాయన కాలం నాటి ఇనుప గజం తెచ్చి కొలుస్తున్నాడు. గజాన్ని మీటర్లలోకి మార్చి నేను రాసుకుంటున్నాను.

బాధ ఏమిటంటే, నెల రోజులుగా కొలత మూడు గజాల దగ్గరే ఆగిపోయింది. మూడు గజాలంటే 2.74 మీటర్లు. రికార్డుకు అయిదు సెంటీమీటర్లు తక్కువ. అయిదు సెంటీమీటర్లంటే ఎంత అని అడిగితే వేళ్లతో చూపించాను. జాకెట్ కుట్టులో పోయేంత బట్టకు ఇంత లొల్లా అంది. తర్వాత నెమ్మదిగా, "చేతగానిది చూపెట్టనీకి అంత దూరం పోవుడెందుకు బిడ్డా, నెలాఖరు దాక చూస్త, ఇగ ఇడిచిపెడ్త" అంది. ఆ మాట అన్న రోజు అన్నం సగంలో లేచింది.

మామా, సంతకం సంగతి తర్వాత. ఆమెకు నాలుగు మంచి మాటలు రాయి.

స్వరూప

*

ఇశ్రాయేలు, మెయిల్ మజ్దూర్,
తపాలా క్వార్టర్లు, మంచిర్యాల
17 అక్టోబరు 2024

బిడ్డా,

పాస్టర్ డానియేలు కూడ నాకు కార్డు రాసిండు. అండ్ల ఏం రాసిండంటే, ప్రకాశం సారు దినాం సాయంత్రం మన ఇంటికి వస్తడట, అమ్మను స్కూటర్ మీద ఎక్కించుకపోతడట, తెల్ల బూట్లు కూడ ఇచ్చిండట. తెల్ల బూట్లు ఎవరిస్తరు, ఎవరికిస్తరు? వారసుని సంతకం ఎందుకు అడిగిండ్రో నాకు ఇప్పుడు సమజైంది. అమ్మకు ఈ వయసుల పెండ్లి చేస్తమంటే నేను అడ్డం చెప్పను, లోకం చెప్పేది చెప్తది. గని లాంగ్‌జంప్ అని పేరు పెట్టి నాతోని సంతకం తీసుకునుడేంది? సీదా అడగాలె.

ఇంకో మాట. మన ఇంట్ల చదివింది నువ్వొక్కదానివే, లెక్క తప్పింది కూడ నువ్వే. నేను చిన్నప్పుడు బాబురావు సేఠ్ దుకాణంల రెండేండ్లు పనిచేసిన. ఆయన గజం ఎట్ల కొలుస్తడో నువ్వు చూసినవా? గజం కొసకు బొటనేలు పెడ్తడు. ఆ వేలు అవతలికెల్లి మళ్ల గజం మొదలుపెడ్తడు. గజానికి ఒక వేలు కొసరు. వాళ్ల నాయన గంతే, వాళ్ల తాత గంతే. కొసరు పెట్టకుంటె గిరాకి మళ్ల రాదు. నువ్వు రెడీమేడ్ తొడుక్కునే పిల్లవు, నీకు ఎట్ల తెలుస్తది?

మూడు గజాలంటే మూడు వేళ్లు కలుపుకో. అమ్మ అంత తక్కువ దునుకదు.

నేను ఇట్ల రాసిన అని ఆమెకు చెప్పకు. సంతకం మాట మళ్ల ఎత్తకు. నాయినకు పానం బాగలేదని మీరు రాసిన ఉత్తరం ఉన్న సంచి నేనే నా భుజం మీద రైల్ల నుంచి దింపిన. అది నా చేతికి మర్నాడు ముట్టింది. నేను వచ్చేసరికి మట్టి ఇచ్చుడు కూడ అయిపోయింది. గందుకే అమ్మ పడ్డదని ఇంకో ఉత్తరం నేను దింపను.

ఇశ్రాయేలు

*

హుస్సేనీ ఆలం
23 అక్టోబరు 2024

మామకు వందనాలు.

నీ ఉత్తరం చదవగానే బడి నుంచి స్కేలు పట్టుకొని నేరుగా మదీనా చౌరస్తా దగ్గరి దుకాణానికి పరుగెత్తాను. బాబురావు సేఠ్ బొటనవేలు వెడల్పు రెండున్నర సెంటీమీటర్లు. కొంచెం ఎక్కువే, తక్కువ కాదు. కొలతలో వేలు పెడుతున్నారా అని అడిగితే ఆయనకు నా ప్రశ్నే అర్థం కాలేదు. "ఏలు పెట్టకుంటె గది గజం ఎట్లయితదమ్మా?" అన్నాడు. అమ్మమ్మను అడిగితే ఆమె కూడా అదే మాట. ఆమె లెక్కలో గజమంటే వేలుతో కలిపే గజం. తెలియనిది నాకు ఒక్కదానికే. నెల రోజులుగా నోట్‌బుక్‌లో ఎర్ర సిరాతో 2.74 అని రాసి, కింద గీత గీసి, ఆమెను బాధపెట్టింది నేనే.

అసలు దూరం 2.82, మామా. రాష్ట్ర రికార్డు ఆమె మా బడి వెనక నెల రోజులుగా రోజూ బద్దలు కొడుతోంది.

నువ్వు చెప్పొద్దన్నావు గానీ నేను చెప్పేశాను. నాకు అబద్ధం రాదు. అమ్మమ్మ నీ ఉత్తరం మళ్లీ చదవమంది. బూట్ల సంగతి రెండుసార్లు చదివించుకొని నవ్వింది. ఆ బూట్లు ప్రకాశం సార్ భార్య కామేశ్వరమ్మ గారివి. ఆమె కూడా రోజూ ఫ్లాస్కులో టీ తీసుకొని వస్తారు. నీ పెళ్లి అనుమానం ఆమెకు తెలిసి, ముహూర్తం ఎప్పుడని వాళ్లాయనను అడిగారట. ఆయన రెండు రోజులు మైదానానికి రాలేదు.

తాతయ్య ఉత్తరం మాట చదివినప్పుడు మాత్రం అమ్మమ్మ నవ్వలేదు. "వాన్ని కన్నప్పుడు నేను వాని సంతకం అడిగిన్నా? ఇప్పుడు నేను దునికేదానికి వాడెందుకు పెట్టాలె?" అంది. అని లేచి, నీకు రాయడానికి నా పక్కన కవరు తెచ్చి పెట్టింది. పిన్‌కోడు ఆమెకు చూపించి, ఆరంకెలూ లెక్కపెట్టించి అతికించాను.

ఆమె వదిలిపెట్టడం లేదు. కాగితం 5వ తేదీకి చేరకపోతే మాత్రం ఆమె పేరు కొట్టేస్తారు. పడకుండా ఎవరూ దూకలేరని ప్రకాశం సార్ అంటారు. లాంగ్‌జంప్ అంటేనే ఇసుకలో పడటం. అమ్మమ్మ ఇప్పటికి నాలుగు వందలసార్లు పడింది. ఒక్కసారి కూడా నీకు ఉత్తరం రాయవలసి రాలేదు.

స్వరూప

*

ఇశ్రాయేలు, మెయిల్ మజ్దూర్,
తపాలా క్వార్టర్లు, మంచిర్యాల
30 అక్టోబరు 2024

బిడ్డా,

నాలుగు వందలసార్లా.

కాగితం పెట్టెలకెల్లి తీసిన. అన్ని గడులు నేనే నింపిన, పెద్ద అక్షరాలతోని. ఎవ్వరిని అడగలేదు. ముప్పై ఏండ్ల సర్వీసుల ఇంత పెద్ద కాగితం నింపుడు ఇదే మొదలు. సంతకం కూడ పెట్టిన. సీదా ఆటలోళ్ల ఆఫీసుకే రిజిస్టర్ చేసి పంపుతున్న, రసీదు నా దగ్గరున్నది.

ప్రకాశం సారుకు, ఆయన భార్యకు నా తరఫున మాఫీ చెప్పు.

నేను రాను. సెలవు లేదు. చూసి దునకమని అమ్మకు చెప్పు.

ఇశ్రాయేలు

*

హుస్సేనీ ఆలం
20 నవంబరు 2024

మామకు వందనాలు.

నువ్వు పేపరులో చూసి ఉండవు. జిల్లా పేజీలో మూల మీద నాలుగు లైన్లు వేశారు, అందులోనూ లీలమ్మకు బదులు నీలమ్మ అని పడింది. కాబట్టి నేనే చెబుతాను. 2.84. రాష్ట్ర రికార్డు ఇప్పుడు అమ్మమ్మదే.

అంత సులువుగా కాలేదు. ఈసారి పోటీకి నలుగురు ఉన్నారు. నిజామాబాద్ నర్సు గారు కూడా వచ్చారు. తెల్ల టోపీ, నీలం ట్రాక్‌సూటు. అమ్మమ్మ ఆదివారం చర్చికి కట్టుకునే తెల్ల చీరలోనే ఉంది. పలక ముందు నీళ్లు పొయ్యనివ్వలేదు. డానియేలు గారు బక్కెట్‌తో సహా గేటు దగ్గరే ఆగిపోయారు. మొదటి దూకుడు 2.70. రెండోది పలక దాటి కాలు పడిందని ఎర్ర జెండా ఎత్తారు. ఆ జెండా చూసి ఆమె మొహం వాడిపోయింది. ఇంకొకటే మిగిలింది. నా పక్కకు వచ్చి నిలబడి, ఇంటికి పోదామా అంది.

అప్పుడే మైకులో పిలిచారు. "చెస్ట్ నంబర్ నూట పద్నాలుగు, ఇశ్రాయేలు, మంచిర్యాల."

మామా, నువ్వు కాగితంలో ఏం రాశావో నీకు తెలుసా? తపాలా అలవాటు కొద్దీ పంపేవాడి పేరు నీది పైన రాశావు, చేరవలసిన పేరు అమ్మమ్మది కింద రాశావు. పై గడి పోటీదారుడిది, కింది గడి వారసుడిది. పోటీదారు ఇశ్రాయేలు, వయసు యాభై నాలుగు. వారసురాలు లీలమ్మ. జిల్లా జాబితాలో అమ్మమ్మ పేరు ఎలాగూ ఉంది, నీ సంతకం కాగితం మీద ఎక్కడో ఒకచోట ఉంది కదా అని ఆఫీసు వాళ్లు ఆమెను ఉంచారు. యాభై పైబడిన మగవాళ్ల లాంగ్‌జంప్‌లో నిన్ను కూడా చేర్చారు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

మైకులో మూడుసార్లు పిలిచారు. మూడోసారికి అమ్మమ్మ నా చెయ్యి పట్టుకొని, "మా పిలగాడు వచ్చిండా?" అని అడిగింది.

నాకు అబద్ధం రాదని నీకు చెప్పాను కదా. "పిలుస్తున్నారు అమ్మమ్మా" అన్నాను. అది నిజమే.

ఆమె చీర మళ్లీ దోపుకుంది. గ్యాలరీ వైపు ఒకసారి చూసి పరుగు మొదలుపెట్టింది. కాలు పలక మీద ఎంత సరిగ్గా పడిందంటే, జెండా పట్టుకున్నాయన తెల్ల జెండా ఎత్తడం మరిచిపోయి చూస్తూ నిలబడ్డాడు. ఇసుకలో పడి, చేతులు వెనక్కి పెట్టకుండా ముందుకు తూలి లేచింది. స్టీలు టేపుతో ఇద్దరు కొలిచారు. 2.84. బాబురావు సేఠ్ కంచె దాటి వెళ్లి, టేపుకు కొసరు వెయ్యరా, గింత పెద్దమనిషికి గింత పీనాసి కొలతా అని వాళ్లతో తగువు పెట్టుకున్నాడు. ఆయనను బయటికి తీసుకురావడానికి డానియేలు గారు, నేను ఇద్దరం కావలసి వచ్చింది. నర్సు గారు వచ్చి అమ్మమ్మ చీర మీది ఇసుక దులిపి, మోకాళ్లకు ఏం రాస్తారని అడిగారు.

మెడల్ మెడలో వేశాక కూడా ఆమె గ్యాలరీలో వెతుకుతూనే ఉంది. వాడేడీ అని అడిగింది. అప్పుడు చెప్పేశాను, కాగితంలో జరిగిన పొరపాటు అని. నన్ను తిడుతుందనుకున్నాను. ఆమె నేరుగా మగవాళ్ల పోటీ దగ్గరికి నడిచి వెళ్లి, అక్కడి గుమాస్తాను, రానోనికి నంబరెట్ల ఇచ్చిండ్రని నిలదీసింది. ఆయన భయపడి నీ పేరున రాసిన నంబరు గుడ్డ తీసి ఇచ్చేశాడు. ఇంటికి తెచ్చి ఉతికి ఆరేసింది. మా అమ్మ సుజన దాన్ని ఇస్త్రీ చేసింది.

ఇక ముఖ్యమైన సంగతి. జాతీయ పోటీలు ఫిబ్రవరిలో మైసూరులో ఉన్నాయి. అమ్మమ్మ ఎంపికైంది. తోడు ఒక మనిషి వెళ్లాలి. నేను వస్తానంటే వద్దంది, బడి ఎగ్గొట్టొద్దట. ప్రకాశం సార్ వస్తానంటే, మళ్లీ నీకు అనుమానం వస్తుందని కామేశ్వరమ్మ గారే వద్దన్నారు. అమ్మమ్మ నీ పేరే చెప్పింది. నేను కాగితం నింపేటప్పుడు పక్కన కూర్చొని ఇలా అంది, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

"వాన్ని దునకమని నేను అంటలేను. ఊకె వచ్చి ఒడ్డుకు నిలవడమను. నేను పడేది వాడు కండ్లార చూస్తే, లేచేది కూడ చూస్తడు."

టికెట్లు తీసుకోవాలి, నీకు సెలవు అర్జీ పెట్టుకోవడానికి సమయం కావాలి. పేర్లు డిసెంబరు 12న పంపుతారు. కాబట్టి డిసెంబరు 10వ తేదీలోగా నీ జవాబు మాకు చేరాలి. వస్తున్నావో లేదో ఒక్క మాట చాలు, కార్డు మీద రాసినా సరే.

నీ మేనకోడలు
స్వరూప